ఖాళీ మేకు

తడి నేల మీద సున్నం పడగానే ఒక వాసన లేస్తుంది. ముక్కుకు కాస్త ఘాటుగా, వెచ్చగా తగులుతుంది. మొన్న శనివారం మా దుర్గాపూర్ బొగ్గు గని కాలనీ మైదానంలో ఖోఖో గీతలు గీస్తుంటే ఆ వాసనకు తలెత్తి, తెరిచి ఉన్న క్లబ్బు గదిలోకి చూశాను. పాత అలవాటు. లోపలి గోడకు వరసగా మేకులున్నాయి. మందుల సంచీ ఉండాల్సిన మేకు ఖాళీగా ఉంది. ఆ సంచీ తేవడం సునీత పని. రెండు వారాలుగా ఆమె రావడం లేదు. "ఏదో పని పడ్డదేమో మావ్శీ" అన్నారు అక్కడున్న ఆడవాళ్లు, నన్ను మరాఠీ వరసన పిన్నిని చేసి. ఆ "ఏమో" అన్న మాట ఓదేలన్నకు అస్సలు గిట్టేది కాదు.

ఓదేలన్న బొగ్గు గని దీపాల గదిలో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని దాని జాగాలో తగిలించడం ఆయన ఉద్యోగం. సెలవు దొరికితే కాలనీ ఆడపిల్లలకు ఖోఖో ఆడించేవాడు. మా క్వార్టరు మైదానానికి ఎదురుగా ఉండేది. ఒకనాడు వాకిట్లో దండెం కడుతున్నాను. ఒక వైపు వంగిందని విప్పాను, మళ్లీ కట్టాను, మళ్లీ విప్పాను. ఆయన మైదానం గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"చెల్లే, తాడు వంకర పోతే నీకు నిద్ర పట్టదా ఏంది?"

"బట్టలన్నీ ఒక్క దిక్కే జారుతయి గదా అన్నా."

"అయితే మా ఖోఖో గీతలు నువ్వే గియ్యాలె. శనివారం పొద్దున, ఒక్క గంట."

"ఏమిస్తరు?"

"ఏమియ్యం. ఒక మేకు ఇస్తం."

లోపల అన్నం తింటున్న మా ఆయన పొలమారేలా నవ్వాడు. "వద్దన్నా, గా మేకుకు నన్నే తగిలేస్తది!"

వెళ్లి చూస్తే నిజంగానే మేకు ఇచ్చాడు. నా ముందరే సుత్తితో కొట్టి, ముడులు వేసిన ఒక తాడు చేతిలో పెట్టాడు. ముడికీ ముడికీ మధ్య దూరమే గీతకూ గీతకూ మధ్య దూరం. గోడకు అప్పటికే తొమ్మిదో పదో మేకులున్నాయి. నీళ్ల చెంబు ఒకరిది, సున్నం జల్లెడ ఒకరిది, ఆటగత్తెల దుప్పట్టాల సంచీ ఒకరిది. పేర్లు రాయలేదు. మాలో సగం మందికి చదవడం రాదు, రాసినా లాభం లేదు. ఎవరి వస్తువు వాళ్ల ఇంటికి తీసుకుపోవాలి. శనివారం వచ్చి మేకుకు తగిలిస్తేనే వచ్చినట్టు. మొదటి మేకుకు ఓదేలన్న ఈల. గోడంతా నిండాకే దాన్ని తీసి ఊదేవాడు.

గనులు మూస్తారట, పెద్ద మిషన్లు వస్తాయట అని అందరూ బెంగపడుతున్న రోజులవి. ఇంటింటికీ కేబుల్ తీగ వచ్చింది. సాయంత్రాలు మనుషులు టీవీల ముందు నుంచి లేచేవాళ్లు కాదు. బాబుపేట్‌లో క్లబ్బు నడిపే పెద్దమనిషి ఒకాయన మా గోడ చూసి, పైసా ఇవ్వకుండా ఇంతమందిని ఎట్లా ఆపుతున్నావని అడిగాడు. "మేకులు కొట్టిన, ఆగిన్రు" అన్నాడు ఓదేలన్న. ఆ పెద్దమనిషి నవ్వేసి వెళ్లిపోయాడు. నేను నవ్వలేదు. ఇంటి పనికి ఒక్క పూట ఆలస్యమైతే విసుక్కునే నేను ఆ గంట కోసం శుక్రవారం నుంచే ఎందుకు ఎదురు చూస్తున్నానో నాకే అంతుపట్టేది కాదు.

రెండో ఏడు వానల తర్వాత తాడులో ఒక ముడి ఊడింది. ఎవరినీ అడగకుండా నా మూరతో కొలిచి మళ్లీ వేశాను. మూర తప్పుతుందని నాకెప్పుడూ అనిపించలేదు. రవికెల గుడ్డ నుంచి బావి చేదతాడు దాకా నా కొలతలన్నీ దానితోనే. ఆ వారమే రాజురా ఊరి జట్టు వచ్చింది. వాళ్ల పిల్ల గీత తొక్కిందని ఫౌల్ ఇచ్చారు. వాళ్ల మాస్తరు టేపు తెచ్చి కొలిచాడు. గీతకూ గీతకూ మధ్య జానెడు తక్కువ. ఎవరు గీశారని అడిగితే అందరూ నా వైపు చూశారు. టేపు నా ముఖం ముందు పట్టి, "వాచా బాయీ, వాచా" అన్నాడు. చదవమని. నేను చదవలేనని నా ముఖం చూస్తేనే తెలిసిపోయింది. చదువు రాని బాయి గీసిన గీతల మీదనా మా పిల్లలు ఆడాల్సింది అని మరాఠీలో అందరికీ వినబడేలా అన్నాడు. ఇంకో రోజు ఆడదామని మ్యాచ్ మధ్యలోనే ఆపేశారు. తాడు ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక పడేశాను.

తర్వాతి శనివారం గేటు దగ్గర ఓదేలన్న గొంతు వినబడింది. "లస్మీ, ఉన్నవా?"

"ఉన్న."

"సరే" అని వెళ్లిపోయాడు. తాడు ఊసు లేదు, రమ్మన్న మాట లేదు. పై వారం అంతే. ఆ పై వారం కూడా అంతే. ఈ లోపల మా ఆయన కబుర్లు మోసుకొచ్చాడు. గీతలు గీస్తామని ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారట. ఆ మేకు లస్మిదని ఓదేలన్న ఒప్పుకోలేదట. పిల్లలు కాలితో గీతలు గీసుకుని ఆడుతున్నారట. ఈల మేకు మీదే ఉందట, చప్పట్లు కొట్టి ఆడిస్తున్నాడట. "గీతలు లేకుంటే ఆగిపోయిన మ్యాచ్ రాజురాల పెడతరట. గంత దూరం పిల్లల్ని ఎవరు పంపుతరు? ఇగ మన పిల్లల ఆట బందే" అన్నాడు.

నాలుగో శనివారం "ఉన్న" అని ఊరుకోలేకపోయాను. గేటు దాకా వచ్చాను.

"ఇదేందన్నా? వస్తవు, ఉన్నవా అంటవు, పోతవు. తిట్టాలనుంటే తిట్టరాదు?"

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. "నేను నౌకరీల కొత్తగ చేరినప్పుడు ఒకనాడు ఒక దీపం వాపస్ రాలే. ఏదో తొందర్ల ఇంటికి పట్టుకపోయిండేమో అనుకున్న. తలుపేసుకొని పోయిన. ఆ మనిషి లోపలనే ఉన్నడు చెల్లే, కాలు మీద బండ పడి. మల్లా షిఫ్టోళ్లు దిగినంకనే దొరికిండు. పానం దక్కింది, కాలు పోయింది. పోయి అడిగితే అయిపోతుండె. నేను అనుకున్న. ఇగ అప్పటికెల్లి ఖాళీ మేకు చూస్తే నాకు నిలువబుద్ధి కాదు."

 "నాకు టేపు చదవరాదు అన్నా" అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"గదా సంగతి! నువ్వు నా మీద అలిగినవేమో అనుకున్న" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "చూసినవా, మల్లా అనుకున్న!"

ఇద్దరం నవ్వాం. మరునాడు డ్యూటీ దిగి టేపు పట్టుకొచ్చాడు. ఆ గట్టు మీదే ఒకటి నుంచి మొదలుపెట్టాం. నా చదువంతా ఆ టేపుతో మొదలైంది. అంకెల తర్వాత సాయంత్రపు బడిలో మరాఠీ వచ్చింది. తెలుగు అక్షరాలు చాలా ఏళ్లకు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా కోడలు దగ్గర నేర్చుకున్నాను.

ఆగిపోయిన మ్యాచ్ మళ్లీ ఆడే రోజు పొద్దున తాడు ముడులన్నీ టేపు మీద పెట్టి సరిచూసుకుని గీతలు గీశాను. రాజురా మాస్తరు వచ్చీ రాగానే కొలిచాడు. ఒక్క గీత కాదు, అన్నీ కొలిచాడు. నేను పక్కన నడుస్తూ ప్రతి అంకె ఆయన కంటే ముందు పైకి చదివాను. చివరికి "బరోబర్ ఆహే", సరిగ్గా ఉన్నాయి అని టేపు చుట్టుకున్నాడు. ఓదేలన్న శెభాష్ అనలేదు. నేను వెళ్లి తాడు తగిలించేదాకా క్లబ్బు గదిలో నిలబడ్డాడు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశాడు. ఈల తీసి ఊదాడు.

ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. అయినా పై శనివారం అన్ని మేకులూ నిండాయి. ఓదేలన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఈల నా దగ్గర ఉంది. మనుషులు ఎందుకు వస్తారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఎందుకు రావడం లేదో మాత్రం గేటు దాకా పోతే ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది.

మొన్న గీతలు పూర్తయ్యాక ఆటో ఎక్కి బాబుపేట్ పోయాను. సునీత వాళ్ల గేటు లోపల మందుల సంచీ కిటికీకి వేలాడుతోంది. బయటే నిలబడి పిలిచాను.

"సునీతా, ఉన్నవా?"

కాసేపటికి లోపల నుంచి గొంతు వచ్చింది. "ఉన్న, మావ్శీ."

"సరే" అన్నాను. పై శనివారం మళ్లీ వెళ్లాలి.