రిలీవర్ వస్తే లేవాలి: నా జంషెడ్‌పూర్ ప్రయాణం

ఎనిమిది నెలల క్రితం మా ఆయనకు విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రోజు నేను ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ, జంషెడ్‌పూర్‌లో మా పిన్ని, ఆవిడతో కలిసి ప్రార్థన చేసే తెలుగు ఆడవాళ్ళు వంతులవారీగా మోకాళ్ళ మీద ఉన్నారు. వాళ్ళలో పిన్ని తప్ప మరెవరూ ఆయన మొహం ఎరగరు. ఆయన బతికి ఇంటికి వచ్చారు. ఒకసారి నేనే వెళ్ళి, వాళ్ళ మధ్య నిలబడి, దేవునికి కృతజ్ఞత చెప్పుకోవాలని అప్పుడే తీర్మానించుకున్నాను. కానీ వెళ్ళలేకపోయాను. ఆయన్ని వదిలి కదలాలంటే భయం. రాత్రిళ్ళు ఆయన ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ పక్కన కూర్చునేదాన్ని. చీకట్లో తెలియకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పెదవులు ప్రార్థన చేస్తూనే ఉండేవి. డాక్టరు గారు భయం లేదన్నారు, పాస్టరు గారు ధైర్యం చెప్పారు. అయినా నేను కళ్ళు మూస్తే ఆయన ఊపిరి ఆగిపోతుందన్న తలంపు నన్ను వదల్లేదు.

చివరికి పార్వతీపురంలో ఉన్న మా అమ్మాయి జ్యోతి వచ్చి, "నాన్నని నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళిరా అమ్మా. నీ మొహం చూస్తే నాన్నకన్నా నువ్వే రోగిలా ఉన్నావు" అని బ్యాగు సర్దేసింది. మా ఆయన కూడా, "పిన్నికి వయసు మీద పడతంది, మళ్ళీ ఎప్పుడు చూస్తావు, వెళ్ళు" అన్నారు. అలా బయలుదేరాను.

మాది విజయనగరం. ఇక్కడి నుంచి రాయగడ, సంబల్‌పూర్, రూర్కెలా మీదుగా జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్ వెళ్ళే రైలు ఉంది. స్లీపర్ టికెట్టు ఐదు వందలకు అటూ ఇటూ అయింది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందుగా చూసుకోండి. ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి రైలులోనే గడుస్తాయి. రాయగడ దగ్గర కొండలు, సొరంగాలు చాలా బాగుంటాయని అందరూ చెబుతారు. నేను మాత్రం కొండల్ని చూడలేదు, ఫోనులో సిగ్నల్ ఉందో లేదో చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ వచ్చినప్పుడల్లా జ్యోతికి ఫోను చేశాను. మధ్య బెర్తు వేసుకున్నా నడుము వాల్చలేదు.

టాటానగర్ స్టేషన్ బయటికి రాగానే కుడి పక్కన షేర్ ఆటోలు "సాక్చీ, సాక్చీ" అని పిలుస్తూ ఉంటాయి. ఊళ్ళో పెద్ద బజారైన సాక్చీ దాకా ముప్పై నలభై రూపాయలు తీసుకుంటారు. విడిగా మాట్లాడుకుంటే రెండు వందల వరకు అడుగుతారు. నేను షేర్ ఆటోలో డ్రైవరు వెనకాలే కూర్చుని మళ్ళీ జ్యోతితో మాట్లాడుతుంటే అతను వెనక్కి తిరిగాడు.

"ఏటమ్మా, మనోళ్ళేనా? ఇజీనారమా, శీకాకులమా?"

"విజయనగరం బాబూ. మీదెక్కడ?"

"టెక్కలి కాడ. నాను ఈడే పుట్టినాన్లెండి. మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. టెక్కలి ఎప్పుడూ సూడనేదు గానీ ఎవులడిగినా మాది టెక్కలే అంటాను." కొంచెం దూరం పోయాక అడిగాడు: "ఇంటికాడ ఎవులికైనా బాగోనేదేటమ్మా? ఎక్కిన కాడ్నుంచి ఫోను దించనేదు."

"మా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది."

"అయ్యో. ఎప్పుడమ్మా, నిన్ననా?"

"ఎనిమిది నెలలయింది బాబూ."

అతను అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. సాక్చీలో అందరూ దిగిపోయాక నన్ను దిగనివ్వకుండా అడ్రసు అడిగి భాలుబాసా సందుల్లోకి వచ్చి, సరిగ్గా పిన్ని గుమ్మం ముందు ఆపాడు. ఇంకో ఇరవై ఇవ్వబోతే తీసుకోలేదు. "మా అమ్మ కూడా ఇలాగే బెంగెట్టుకునీదమ్మా" అని మాత్రం అన్నాడు.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. బాబాయి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి, రిటైరయిన కొన్నాళ్ళకే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. పిన్ని ఇప్పుడు కొడుకు కుటుంబంతో ఉంటోంది. ఆవిడ తెలుగులో ఏదో అడిగితే మనవరాలు హిందీలో బదులు చెప్పి కాలేజీకి పరిగెత్తింది. వేడి రొట్టె, వంకాయ కూర పెట్టి, నేను తింటున్నంతసేపూ పిన్ని నా కళ్ళ కింద నలుపునే చూసింది.

ఆ రోజు శనివారం. సిద్ధగోరాలో ఒక విశ్వాసి ఇంటి వెనక రేకుల గదిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా గొలుసు ప్రార్థన ఉంది. భాలుబాసా నుంచి ఆటోలో దగ్గరే. దారిలో పిన్ని నాకు అక్కడి పద్ధతి చెప్పింది.

"ఇది మీ బాబాయోలు మొదలెట్టినారు. ఆళ్ళకి డూటీ తప్ప ఇంకోటి తెల్దు కదేటి, దేవుడి కాడ కూడా డూటీయే ఎట్టినారు. ఒకరి తరవాత ఒకరు కూకోవాల. కంపినీలో లాగే, తరవాతి డూటీకి రిలీవర్ రాకుండా లెగకూడదు. రిలీవర్ వచ్చి 'నానొచ్చినాను' అంటాది. కూకున్నది 'అప్పగించినాను' అని లెగిసిపోవాల. రిలీవర్ వచ్చినాక ఇంక కూకోకూడదు."

"కూర్చుంటే తప్పేముంది పిన్నీ? ఇద్దరు ప్రార్థన చేస్తే మంచిదే కదా."

"మీ బాబాయి ఓపాలి రిలీవర్ రాక రెండు డూటీలు సేసి ఇంటికొచ్చినాడు. రొట్టి సేతిలో ఎట్టుకుని కూకునే నిద్దరోయినాడు. నిద్దర్లో కూడా ఆ సెయ్యి వణుకుతానే ఉంది. వణికే సెయ్యి కొలిమి కాడ ఉంటే పక్కోడికి పెమాదం అనీవోడు." పిన్ని నా చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "నీ సెయ్యి కూడా వణుకుతందే కరుణా."

ఆ గదిలో ఒక చాప, మోకరించలేనివారికి ఒక కుర్చీ, గోడకు చెక్క సిలువ. అంతే. గడప దగ్గర ఒక వెదురు బుట్ట. ఫోన్లు అందులో వేసి లోపలికి రావాలి. పక్కింటి అప్పలనర్సమ్మ గారు హిందువులు. గొలుసు ప్రార్థన ఉన్న రోజు టీ మాత్రం ఆవిడే పెడతారట. "మీ దేవుడు మీకున్నాడు, మా దేవుడు మాకున్నాడు, టీ నీళ్ళు అందరికీ ఒకటే" అంటూ నాకు గ్లాసు అందించారు. వంతు కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు వసారాలో నన్ను చుట్టుముట్టారు. వాళ్ళలో రాహేలమ్మ అనే ఆవిడ గొంతు పెద్దది. కాసిడీహ్‌లో ఒక బడిలో వంట చేస్తుంది. బడికి వెళ్ళేముందు అటుగా వచ్చింది.

"నువ్వేనా కరుణవి? మీ ఆయన పేరు మాకు నోటికొచ్చు. ఇన్నాళ్ళ బట్టీ దేవుడికి సెప్తన్నాం గానీ మనిసి ఎలాగుంటాడో తెల్దు. పొట్టా, పొడుగా?"

ఫోనులో ఫోటో చూపించాను. "ఓలమ్మ, ఇంత బక్కోడా! మేం ఇంకా బరువైనోడు అనుకుని మొయ్యలేక మోసినాం" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మధ్యాహ్నం నా వంతు. ఫోను బుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు. పిన్ని చూస్తోందని వేశాను. చాప మీద మోకరించి కళ్ళు మూసుకుంటే ఆ గదిలో కూడా నాకు మా ఇంటి మంచమే కనబడింది. ఆయన ఛాతీ, లేస్తూ పడుతూ ఉన్న దుప్పటి. ప్రభువా, ఆగనివ్వకు, ఆగనివ్వకు. ఎనిమిది నెలలుగా నా ప్రార్థన అదొక్కటే. ఎంతసేపు గడిచిందో. వెనక నుంచి రాహేలమ్మ గొంతు వినిపించింది, ఈసారి మెల్లగా.

"నానొచ్చినాను."

అప్పగించాను అనాలి. అనకుండా చాపను రెండు చేతులా పట్టుకున్నాను. అలాగే ఉండిపోయాను. ఆవిడ కాసేపు చూసి నా పక్కన కూర్చుంది.

"లెగమ్మా."

"ఇంకాసేపు ఉంటానమ్మా. నాకు అలవాటే."

"అలవాటేటి? నాను బడిలో వంట దించి, ఎండలో పడి వచ్చినాను. నా డూటీ నువ్వు సేసేత్తే దేవుడు నా హాజరీ ఏటని ఏసుకుంటాడు?"

నేను కదలకపోయేసరికి ఆవిడ గొంతు తగ్గించింది. "మీ పిన్ని అంతా సెప్పినాది. మీ ఆయనకి నువ్వొక్కదానివే కాపలా అనుకుంటన్నావు. మరి మేమేటి? మా మోకాళ్ళు నీ నెక్కలోకి రావేటి? పోనీ మమ్మల్ని వదిలీ. ఆ పెభువు ఎప్పుడో వచ్చి నీ యెనకాల నిలబడినాడు తల్లీ. నువ్వే లెగట్లేదు."

ఆ మాట నాలో ఎక్కడ తగిలిందో చెప్పలేను. కునుకుపాటు లేని దేవుడు నాకున్నాడని చిన్నప్పటి నుంచి పాడుతున్నాను. పాడుతూనే, ఆ దేవుని బదులు నేను మేలుకున్నాను. చాప మీద చెయ్యి ఆనించి లేచాను. "అప్పగించాను" అన్నాను. రాహేలమ్మ వెంటనే నా చోట మోకరించి కళ్ళు మూసుకుంది. నేను అక్కడ ఉన్నానా, వెళ్ళానా అని కూడా చూడలేదు.

వసారాలో పిన్ని అన్నం పెట్టింది. తిని ఫోను తీసుకుందామనుకుంటూ పక్క గదిలో దుప్పటి మీద ఒక్క నిమిషం ఒరిగాను. మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కిపోయింది. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. అంతలోనే ఆయన గుర్తొచ్చారు. పరుగున వెళ్ళి బుట్టలోంచి ఫోను తీశాను. జ్యోతి ఎన్నోసార్లు చేసింది.

"అమ్మా, ముందు విను. నాన్న బాగానే ఉన్నారు" అంది జ్యోతి ఎత్తగానే. భోజనం అయ్యాక ఆయనకు ఆయాసం వచ్చిందట. ఎదురింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఒంట్లో నీరు చేరిందని ఇంజెక్షన్ ఇచ్చారు, ఇప్పుడు తగ్గింది, తెల్లారేదాకా ఉంచుతామన్నారు. ఇన్నాళ్ళూ నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది, అదీ నేను కళ్ళు మూసిన వేళ.

"నేను నిద్రపోయాను జ్యోతీ."

"నేను మేలుకునే ఉన్నాను కదమ్మా."

తర్వాత ఆయన మాట్లాడారు. గొంతు నీరసంగా ఉంది. "పడుకున్నావా? ఎంతసేపు?"

"రెండు మూడు గంటలు పడుకున్నానేమో. ఇప్పుడే బయలుదేరి వచ్చేస్తానండీ."

"వద్దు. రేపు టికెట్ ఉంది కదా, రేపే రా." జ్యోతిని దిండు ఎత్తు చేయమన్నారు. "నీకో మాట చెప్తాను, బాధపడకు. రాత్రిళ్ళు నువ్వు నా ముక్కు కాడ వేలు పెట్టినప్పుడల్లా నాకు మెలకువే. కదిలితే నువ్వు ఇంకా కంగారు పడతావని కళ్ళు మూసుకునీవోణ్ణి. నువ్వు పడుకుంటే నేనూ పడుకుందామని చూసీవోణ్ణి. నువ్వు పడుకునీదానివి కాదు." ఆయన నవ్వబోయారు, దగ్గు వచ్చింది. "ఇయ్యాల పడుకున్నావు. దేవునికి స్తోత్రం."

నేను ఆయన ఊపిరి కోసం మేలుకుంటే, ఆయన నా నిద్ర కోసం మేలుకున్నారు. ఒకే డ్యూటీ మీద ఇద్దరం, ఎనిమిది నెలలు.

సాయంత్రం గొలుసు ముగిశాక అందరూ నిలబడి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన బతికారు, దేవుడు గొప్పవాడు అని చెప్పాలని రైలులో వల్లె వేసుకుంటూ వచ్చాను. అది చెప్పలేదు. "ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. రేపు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కానీ ఈ రోజు నేను నిద్రపోయాను" అన్నాను. ఎవరూ ఆమేన్ అని అరవలేదు. రాహేలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "రాత్రికి నా ఇంటికాడ నాను మోకరిత్తాను. నువ్వు తొంగో" అంది.

ఆదివారం ఆరాధన చూసుకుని రైలెక్కాను. నడుము వాల్చగానే నిద్రపట్టింది. తెల్లవారాక కిటికీలోంచి రాయగడ కొండలు చూశాను. అందరూ చెప్పింది నిజమే. ఆయన అప్పటికి ఇంటికి వచ్చేశారు. ఆ రాత్రి పక్కన పడుకున్నప్పుడు అలవాటు ప్రకారం నా చెయ్యి ఆయన మొహం దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుని, "అప్పగించాను" అన్నాను.

"ఎవులికి? నాకా?" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

"మీకు కాదు" అని అటు తిరిగి పడుకున్నాను.

ఆయనకు మందులు, పరీక్షలు ఇంకా ఉన్నాయి. డాక్టరు గారు ఏ మాటా గట్టిగా చెప్పలేదు. విశ్వాసం ఉంటే కీడు రాదని నేను ఈ ప్రయాణంలో నేర్చుకోలేదు, కీడు వచ్చింది. వచ్చినప్పుడు జ్యోతి ఉంది, ఎదురింటివాళ్ళు ఉన్నారు, రేకుల గదిలో ఎవరో ఒకరు మోకాళ్ళ మీద ఉన్నారు, వాళ్ళందరి వెనక ప్రభువు నిలబడి ఉన్నాడు. నేను ప్రార్థన అనుకున్నది చాలావరకు కాపలా. ఇప్పుడు మా ఆయన పేరు ఒక్కసారే దేవునికి చెబుతాను, దీపం ఆర్పుతాను. కొన్ని రాత్రులు మళ్ళీ భయం వేస్తుంది. అప్పుడు మళ్ళీ చెబుతాను. నిరీక్షణ అంటే రేపటి సంగతి తెలియడం కాదని, రేపటి డ్యూటీ నా ఒక్కదానిదే కాదని తెలియడమని నాకు అర్థమయింది.

ఇంట్లో రోగిని ఉంచి ప్రయాణం చేసేవారికి ఒక్క మాట. మీరు దిగబోయే ఇంటివారి ఫోను నంబరు కూడా ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. మీరు నిద్రపోతున్నా ఫోను ఎత్తడానికి ఇంకొకరు ఉంటారు.