ఓటు లేనివాళ్ల పోట్లాట

ఆఫీసులో నాకు కుడిపక్క నీలం కూర్చునేవాడు, ఎడమపక్క పచ్చ. అవి వాళ్ల అసలు పేర్లు కావు. మా టీములోని తెలుగువాళ్లం మాలో మేము మాట్లాడుకోవడానికి పెట్టుకున్నవి. ఇద్దరూ స్కాట్లాండువాళ్లు, ఇద్దరిదీ గ్లాస్గోనే. ఆ ఊళ్లో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. ఒకరివి నీలం చొక్కాలు, ఒకరివి పచ్చ చారల చొక్కాలు. ఆ ఊళ్లో పుట్టినవాడికి ఏ వీధిలో పుట్టాడు, ఏ చర్చికి వెళ్తాడు అన్నదాన్ని బట్టి పొత్తిళ్లలోనే ఏదో ఒక రంగు అంటుకుంటుందనీ, ఆ తర్వాత ఎంత ఉతికినా పోదనీ నీలమే నాకు చెప్పాడు.

నీలం యాభై దాటిన మనిషి, ప్రాజెక్టు మేనేజరు. భార్యనూ కూతుర్నీ గ్లాస్గోలో ఉంచి కాంట్రాక్టు మీద ఒక్కడే వచ్చాడు. పచ్చ ఇంచుమించు నా వయసువాడు, డేటాబేసు పని చూసేవాడు. వాళ్ల తాత ఐర్లాండు నుంచి ఓడెక్కి వచ్చి గ్లాస్గోలో స్థిరపడ్డాడట. నాది టెస్టింగు. ఒక బ్యాంకు కోసం మేమంతా కలిసి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూరులో క్లెమెంటి పక్కన మా ఆఫీసు భవనంలో లిఫ్టు ఏ అంతస్తులో ఆగినా తెలుగు వినబడేది.

పొద్దున్నే ఇద్దరూ నా తల మీదుగా మొదలుపెట్టేవాళ్లు. నీలం క్లబ్బు అప్పటికి రెండేళ్ల కిందట ఏవో చిక్కుల్లో పడి అట్టడుగు శ్రేణికి జారిపోయింది. పచ్చకు అంతకన్నా పండగ లేదు.

"శనివారం మీవాళ్లు ఎవరితో ఆడారు? పోస్టాఫీసు వాళ్లతోనా, బేకరీ వాళ్లతోనా?" అనేవాడు.

"మేము లేని లీగులో గెలవడం కూడా గెలుపేనా?" అని నీలం తల తిప్పకుండానే జవాబిచ్చేవాడు. "గదిలో ఒక్కడివే కూర్చుని చదరంగం ఆడి, గెలిచానని కేకలు పెట్టినట్టు."

వాళ్ల ఇంగ్లిషు మొదట్లో నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అర్థమయ్యాక, నాకు తెలియకుండానే నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఒకరోజు ఇద్దరిలో ఎవరైనా రాకపోతే రెండోవాడు దిగులుగా ఉండేవాడు.

నేనూ, నా రూమ్మేటు అమ్మాయీ ఉండే గది కూడా క్లెమెంటిలోనే. ఇంటాయన నాలుగు తరాలుగా సింగపూరులో ఉన్న తెలుగాయన. ముత్తాత విశాఖ దగ్గర రేవులో ఓడెక్కి వచ్చాడట. ఆయన హార్బరులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తెలుగులో శ్రీకాకుళం, విశాఖ మాటల పక్కనే అరవమూ మలయ్ భాషా ఇమిడిపోయి ఉండేవి, మాట చివర సింగపూరువాళ్ల 'లా' తగిలేది. మేము అంకుల్ అనేవాళ్లం. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సాయంత్రాలు మా బ్లాకు కింద, బీరు కూడా అమ్మే కాఫీషాపులో టీవీ ఎదురుగా కూర్చునేవాడు. నేనే ఓసారి మా ఆఫీసు స్నేహితులిద్దర్నీ తీసుకెళ్లి పరిచయం చేశాను. ఆ తర్వాత నేను లేకపోయినా వాళ్లు వెళ్లి ఆయన పక్కన కూర్చోవడం అలవాటైంది.

ఆ ఏడాది సెప్టెంబరులో స్కాట్లాండులో ఓటు జరగబోతోంది. బ్రిటన్‌తో కలిసి ఉండాలా, విడిపోయి సొంత దేశం కావాలా అన్నది ప్రశ్న. పచ్చ విడిపోవాలన్నాడు, నీలం కూడదన్నాడు. విచిత్రమేమిటంటే ఇద్దరికీ ఓటు లేదు. అక్కడ నివాసమున్నవాళ్లకే ఓటు అన్నారు. లేని ఓటు కోసం వాళ్లు వాదించుకున్నంతగా ఓటున్నవాళ్లు వాదించుకుని ఉండరు.

"విడిపోయాక మీ డబ్బు ఏది? మీ పాస్‌పోర్టు ఏది?" అని నీలం అడిగితే, "అవన్నీ తర్వాత చూసుకుంటాం. ముందు మీ క్లబ్బుకు కొత్త జెండా వెతుక్కోండి," అని పచ్చ అనేవాడు; నీలం క్లబ్బువాళ్లు మైదానంలో ఊపేది బ్రిటన్ జెండానే. ఆగస్టు దాకా అది నవ్వులాటగానే నడిచింది.

ఓటు ఇంకా పదిరోజులు ఉందనగా ఒక సాయంత్రం కాఫీషాపులో నలుగురం కూర్చున్నాం. విడిపోవాలనేవాళ్లే ముందున్నారని ఆ రోజే ఏదో సర్వేలో వచ్చింది. పచ్చ మంచి హుషారులో ఉన్నాడు. నీలాన్ని ఒక మాట అన్నాడు, ఇంకోమాట అన్నాడు. మూడోమాటకు నీలం బీరు గ్లాసు కింద పెట్టాడు.

"అది మా దేశం. మీ తాత ఓడ దిగి అక్కడ తిండి తిన్నాడు. మీకు నచ్చకపోతే ఆ ఓడే ఎక్కి వెనక్కి పోండి," అన్నాడు.

పచ్చ లేచి బ్యాగు భుజాన వేసుకుని బస్‌స్టాపు వైపు నడిచి వెళ్లిపోయాడు. టీవీలో ఏదో ఆట నడుస్తోంది.

"మా ముత్తాత కూడా ఓడలోనే వచ్చినాడు," అని అంకుల్ ఇంగ్లిషులో మెల్లగా అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు. నీలం ముఖం చెవులదాకా ఎర్రబడింది. ఆయన కూడా కాసేపటికి లేచి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఆఫీసులో నా రెండు పక్కలా నిశ్శబ్దం. పని ఆగలేదు గానీ మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "డేటాబేసులో ఆ టేబుల్ మార్చారేమో ఆయన్ని అడుగు," అని నీలం. "మార్చానని చెప్పు," అని పచ్చ. వాళ్ల మధ్య ఉన్నది నా ఒక్క కుర్చీయే. సాఫ్ట్‌వేర్ బ్యాంకుకు అప్పగించాల్సిన గడువు దగ్గర పడుతోంది. నాకు తల వాచిపోయింది.

ఒక మధ్యాహ్నం ప్యాంట్రీలో కాఫీ కలుపుకుంటుంటే నీలం వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీ రాష్ట్రం ఈ ఏడాదే విడిపోయింది కదా. మీ గదిలో ఆ అమ్మాయిది అవతలి భాగమన్నావు. మీరిద్దరూ ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

అప్పటిదాకా ఆయన నన్ను సొంత విషయం ఏదీ అడగలేదు. ఉన్నది చెప్పాను. నాది నల్గొండ, నా రూమ్మేటుది తెనాలి. ఉద్యమం నడిచిన రోజుల్లో మాకు వంటింట్లో జరగని గొడవ లేదు. ఒక దశలో వంట వేరుగా చేసుకున్నాం, ఫ్రిజ్‌లో అరలు పంచుకున్నాం. జూన్‌లో మా రాష్ట్రం ఏర్పడిన రోజు పొద్దున్నే లేచి నేను పరమాన్నం వండాను. వండాక గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. తనకు పెట్టాలా వద్దా తెలియలేదు. తనే వచ్చి స్పూన్ తీసుకుంది.

"పెట్టవేంటే, నేను తిననని ఎవరు చెప్పారు?" అంది.

"నీకు బాధైతదని," అన్నాను.

"బాధగానే ఉంది. ఏడుపొస్తోంది కూడా. అయినా నువ్వు సంతోషంగా ఉంటే నాకేం నొప్పి?" అని కళ్లు తుడుచుకుంటూ రెండుసార్లు వడ్డించుకుంది. యాలకులు తక్కువయ్యాయని వంక కూడా పెట్టింది.

నీలం అంతా విని, "ముందు ఎవరు మాట్లాడారు?" అని అడిగాడు.

"తను. నాకంత ధైర్యం లేకపోయింది," అన్నాను.

ఆయన కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అంకుల్ అడిగాడు. "ఏటమ్మా, నీ దొరలిద్దరూ ఇంకా మాటాడుకోట్లేదా?"

"లేదంకుల్."

"శనివారం మన జట్టుకి బాల్ ఆటుంది. ఇద్దర్నీ తీసుకురా."

"ఒకాయన వస్తడంటే ఇంకొకాయన రాడు."

"ఒకడి సంగతి ఇంకొకడికి చెప్పక. వచ్చీసినాక ఏం చేస్తారు లా? టికెట్టు వేస్టు చేసి పోతారా?"

అలాగే చేశాను. లిటిల్ ఇండియాకు నడకదూరంలో ఉన్న పాత స్టేడియం అది. గేటు దగ్గర పచ్చ నాతో మాట్లాడుతూ ఉండగా ఎదురుగా నీలం వచ్చాడు. ఇద్దరూ ఆగిపోయారు. అంకుల్ ఏమీ ఎరగనట్టు ఇద్దరి చేతుల్లో చెరో టికెట్టూ పెట్టి, "రండి రండి, సీటు చోప్ చెయ్యాలి," అంటూ ముందు నడిచాడు. ఖాళీ కుర్చీలు కనబడగానే గొడుగు ఒకదాని మీద, సంచి ఇంకొకదాని మీద పెట్టి పట్టేశాడు. వాళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి తను చివర కూర్చున్నాడు.

ఆడుతున్నది సింగపూరు జట్టు, మలేషియా జట్టు; అది మలేషియా లీగులో ఆట. అవతలి స్టాండులో మలేషియా నుంచి బస్సులేసుకుని వచ్చినవాళ్లు డప్పులు వాయిస్తున్నారు. ఇవతల మావాళ్లు వాళ్లను వెక్కిరిస్తూ పాటలు కట్టి పాడుతున్నారు. పచ్చకు ఆశ్చర్యమేసింది. "వేరే దేశం కదా, వాళ్ల లీగులో మీరెందుకు ఆడతారు?" అని అంకుల్‌ను అడిగాడు.

"ఒకప్పుడు ఒకే దేశం కదా," అని అంకుల్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకప్పుడు పదమూడేళ్లట. విడిపోయామని రేడియోలో చెప్పారు. వాళ్ల పెద్దమ్మ మలేషియా వైపు జోహోర్‌లో ఉండేది, వంతెన దాటితే ఇల్లు. రేడియో విని వాళ్లమ్మ అన్నం వార్చడం మానేసి గుమ్మంలో కూర్చుండిపోయింది. "మాకు ఓటూ లేదు, ఏటీ లేదు. ఎవరూ అడగలేదు. పొద్దున ఒక దేశం, సాయంత్రం ఇంకో దేశం. బాల్ మాత్రం మానలేదు. మధ్యలో అలిగి మానేసినా మళ్లీ వెళ్లినాం. నేను కుర్రతనంలో బస్సెక్కి కౌలాలంపూర్ పోయి వాళ్ల స్టాండు ఎదురుగా నిలబడి తిట్టి వచ్చేవాణ్ణి. తిరిగొస్తూ మా పెద్దమ్మింట్లోనే భోజనం."

ఇంతలో మన జట్టువాడు గోలు కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడని, గోలు చెల్లదని జెండా ఎత్తాడు. అంకుల్ తిట్లు మలయ్ భాషలో మొదలుపెట్టి అరవంలోకి వచ్చి తెలుగులో ముగించాడు. నా పక్కన నీలం, పచ్చ ఒకేసారి లేచి నిలబడి ఒకే బూతుమాట అరిచారు. గ్లాస్గో బూతు. అరిచాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పచ్చకే ముందు నవ్వొచ్చింది.

విరామంలో నీలం వెళ్లి అందరికీ కరీపఫ్‌లు తెచ్చాడు. పచ్చకు ఇస్తూ, "ఆ రోజు నేనన్న మాట తప్పు," అన్నాడు.

పచ్చ దాని కాగితం విప్పాడు. "మా నాన్న స్కూలుకు వెళ్తుంటే వీధి పిల్లలు అదే మాట అనేవాళ్లట. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నానమ్మ చెప్పింది. నీ నోట అదే మాట వినేసరికి..."

"మీ నాన్నది ఏ వీధి?" అని నీలం అడిగాడు. పచ్చ చెప్పాడు. నీలం మైదానం వైపు చూస్తూ, "మాది పక్క వీధే. అలా అరిచిన పిల్లల్లో నేనూ ఉండి ఉంటాను," అన్నాడు. కొంచెం ఆగి, "ఉన్నాను," అన్నాడు.

పచ్చ లేచి వెళ్లలేదు. ఆట అయిపోయేదాకా అలాగే పక్కన కూర్చున్నాడు. మన జట్టు ఓడింది. ట్రైనులో వస్తూ ఇద్దరూ రిఫరీని తిట్టుకున్నారు.

ఓటు గురువారం జరిగింది. ఫలితాలు మాకు శుక్రవారం పొద్దున్నుంచి రావడం మొదలుపెట్టాయి. ఇద్దరూ పని చేస్తున్నట్టు కూర్చున్నారు గానీ ఎవరి కళ్లూ పని మీద లేవు. గ్లాస్గో విడిపోవాలనే అంది. మిగతా ఊళ్లు చాలావరకు వద్దన్నాయి. మధ్యాహ్నం భోజనానికి, తిండి అంగళ్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటరులో కూర్చునేసరికి తేలిపోయింది. కలిసే ఉంటారు.

పచ్చ ఫోన్ బోర్లా పెట్టి ప్లేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. నీలం గెలిచినవాడిలా లేడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కూతురు. అక్కడ తెల్లవారుజాము, రాత్రంతా టీవీ ముందు కూర్చుందట. ఆ ఓటుకు పదహారేళ్లు నిండిన పిల్లల్నీ రానిచ్చారు. ఆ అమ్మాయికి ఆ వేసవిలోనే పదహారు నిండాయి. మొదటి ఓటు.

ఆ గోలలో వినబడక ఆయన స్పీకరు పెట్టాడు. అమ్మాయి ఏడుస్తోంది.

"నాన్నా, నేను విడిపోవాలని వేశాను. నీకు చెప్పలేదు. కోపమా?"

నీలం ఫోన్‌ను దగ్గరికి తీసుకున్నాడు. చుట్టూ ప్లేట్ల చప్పుడు, ఎవరో నూడుల్స్ ఆర్డరు చెప్తున్న కేక. "లేదమ్మా. ఏడవకు. బాగా ఆలోచించే వేసి ఉంటావు," అన్నాడు.

"ఓడిపోయాం నాన్నా."

"తెలుసు. నా ఎదురుగా ఇంకొకడు కూర్చున్నాడు, నీలాగే ముఖం పెట్టుకుని. మాట్లాడతావా?"

ఫోన్ పచ్చకు ఇచ్చాడు. అతను స్పీకరు ఆపి, ఫోన్ చెవికి ఆనించుకుని, లేచి స్తంభం పక్కకు వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. మాకు వినబడలేదు. ఒకసారి తల ఊపాడు, ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు వైపే చూస్తూ నీలం చల్లారిన సూప్ తాగేశాడు.

"మా ఆవిడకూ తెలిసే ఉంటుంది," అన్నాడు నాతో. "ఇద్దరూ కలిసి నాకు చెప్పలేదన్నమాట."

"చెప్తే మీరేం చేసేవారు?" అన్నాను.

"వాదించేవాణ్ణి," అని ఒప్పుకున్నాడు.

సాఫ్ట్‌వేర్‌ను కొంచెం ఆలస్యంగానే అయినా అప్పగించాం. మరుసటి ఏడాది నీలం కాంట్రాక్టు ముగించుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు అంకుల్ ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆంటీ చేసిన చేపల పులుసు తింటూ కళ్లలోంచి నీళ్లు కారుతున్నా మళ్లీ వడ్డించుకున్నాడు. పచ్చ ఇక్కడే ఉండిపోయాడు. నా రూమ్మేటు పెళ్లి చేసుకుని బూన్ లే వైపు ఫ్లాటు తీసుకుంది. ఆదివారాలు నేను ట్రైనెక్కి వాళ్లింటికి వెళ్తుంటాను. ఎన్నికలొచ్చినప్పుడు ఇప్పటికీ వాదించుకుంటాం, పొయ్యి మీద కూర మాడేదాకా.