ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్న వేగు

వేగు చేయకూడని పని ఏదైనా ఉందంటే, వెళ్లిన చోట మొదటి ర్యాంకు తెచ్చుకోవడం. నేను అదే చేశాను.

2011లో అశోక్‌నగర్‌లో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో అర్థమెటిక్ చెప్పేవాణ్ణి. గ్రూప్ టూకు చదివే పిల్లలు మా బెంచీలు వదిలి, చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో కొత్తగా తెరిచిన సెంటర్‌కు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. మా ఓనర్ నన్ను పిలిచి, "తమ్మీ, జర పోయి సూసిరా. స్టూడెంట్ లెక్క చేరు. మోడల్ టెస్టుల్ల ఏమిస్తున్నరో తెల్సుకో" అన్నాడు. సిగ్గుపడాల్సింది అప్పుడే. నాకు సరదా వేసింది. కళ్లద్దాలు తీసేశాను, పేరు మార్చాను, ఊరు మార్చాను. దరఖాస్తుకు అంటించిన ఫోటోలో మొహం మాత్రం నాదే.

మా దగ్గర్నుంచి వెళ్లిన పిల్లలు లేని పొద్దుటి బ్యాచ్‌లో చేరి, వారంపాటు వెనక బెంచీలో బుద్ధిగా కూర్చున్నాను. ఆదివారం మోడల్ టెస్టు. నాలుగు తప్పులు రాసి, ప్రశ్నపత్రం జేబులో పెట్టుకుని రావాలి, పని అంతే. కానీ లెక్క కనబడితే నా చేయి ఊరుకోదు. పక్కవాడు తల గోక్కుంటుంటే ఇంకా హుషారొచ్చింది. అన్నీ చేసేశాను.

మూడు రోజుల్లో అశోక్‌నగర్ చౌరస్తాలో, మా సెంటర్‌కు వచ్చే దారిలోనే, నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. ఎవరిదో పేరు, నా మొహం, "మా ఫస్ట్ ర్యాంకర్".

"సూసి రమ్మంటే రాసి వచ్చినవేంది తమ్మీ!" అని ఓనర్ తల పట్టుకున్నాడు. అది భరించాను. కానీ మా క్లాసులో ముందు బెంచీలో కూర్చునే హాస్టల్ అమ్మాయి క్లాసయ్యాక ఆగి, ఏ వెటకారమూ లేకుండా అడిగింది: "సార్, మీరే గక్కడ నేర్చుకుంటున్నరంటే, మేం గూడ గాడికే పోవాల్నా?"

బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను. బోర్డు అప్పటికే తుడిచి ఉంది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. ఆ వారం ఆమెతో కలిపి ఆరుగురు వెళ్లిపోయారు. వేగుగా వెళ్లినవాణ్ణి, నూనె లేకుండానే వేగాను.

చివరికి ఆ సెంటర్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లి, నేనెవరో చెప్పి, ఫ్లెక్సీ తీయించమని బతిమాలాను.

"ఫోటో సూడంగనే గుర్తువట్టిన సార్," నవ్వాడాయన. "ర్యాంకు మీదే గద, ఎందుకు తీస్తం? మా ఫస్ట్ ర్యాంకర్లకు ఏ డౌటున్నా నేనే చెప్త. ఎప్పుడైనా రండ్రి."

రమ్మన్నాడు కాబట్టి వెళ్లాను. మర్నాడు సాయంత్రం, అడ్మిషన్ల కోసం పిల్లలు వరసగా నిలబడ్డ వేళ, నోటుబుక్కు తెరిచి "సార్, డౌటు" అన్నాను. మూడు కుళాయిలు, ఒక కారే తొట్టి, ఎంతసేపట్లో నిండుతుందని లెక్క. ఆయన రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. వరసలోని వాళ్లు మెడలు చాచి చూశారు.

"రేపు చెప్త," అన్నాడు.

రేపు ఇంకో లెక్క పట్టుకెళ్లాను. ఎల్లుండి మరొకటి. నాలుగోనాడు పొద్దున చౌరస్తాలో వెదురు కర్రలే మిగిలాయి, ఫ్లెక్సీ లేదు. ఆ సాయంత్రం కూడా వెళ్లాను. తొట్టి ఇంకా నిండలేదు మరి.