మా గుమ్మంలో ఘటం ఆగిన సాయంత్రం

మొన్న చైత్రంలో కంటి డాక్టరు దగ్గరనుంచి బరంపురం శివారు అంకులిలోని మా ఇంటికి ఆటోలో తిరిగి వస్తుంటే, బజారు మలుపులో దారి ఆగిపోయింది. ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర రోజులు. ఒంటినిండా పసుపు రంగు పూసుకుని నల్లచారలు దిద్దుకున్న పులివేషగాడొకడు డప్పుల గుంపులోంచి ఊడిపడి, ఆటోలోకి తలపెట్టి, గాండ్రించబోయినవాడల్లా నా కంటికి కట్టిన పచ్చగుడ్డ చూసి తగ్గిపోయి, "దండాలమ్మా" అని చేతులు జోడించాడు. గొంతు వింటే కాలేజీ కుర్రాడే. వాడు మళ్ళీ గుంపులో కలిసిపోయాక కూడా ఆ డప్పులు చాలాసేపు వినిపిస్తూనే ఉన్నాయి. అయితే నా మనసు ఆ పెద్ద యాత్ర మీద నిలవలేదు. దిగపహండి దాటి కొండల వైపు వెళితే వచ్చే మా చిన్న ఊరికి, అక్కడ మా బట్టల కొట్టున్న వీధికి, ఒకానొక సాయంత్రానికి వెళ్ళిపోయింది.

ఒడిశాలో ఆ వైపు పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఊరూరికీ ఒక ఠాకురాణి, ఊరూరికీ ఒక యాత్ర. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగేది. అమ్మవారు గుడి వదిలి మా వ్యాపారుల వీధిలో తాటాకు పందిట్లోకి వచ్చి కూర్చునేది. గుడి ఆమె అత్తవారిల్లనీ, మా వీధి పుట్టిల్లనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. అందుకని ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి ఇల్లూ పురిటికో పండక్కో ఆడపిల్ల వచ్చిన ఇల్లులాగే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళకి కాపరానికి వెళ్ళిన ఆడపిల్లలందరూ నిజంగానే వచ్చేవారు కూడా. ఒరియావాళ్ళూ తెలుగువాళ్ళూ అన్న తేడా లేకుండా గుమ్మాల ముందు పేడనీళ్ళు చల్లి, వరిపిండితో ముగ్గులు దిద్దేవాళ్ళం. అమ్మవారికి తొలిచీర మా కొట్టునుంచే వెళ్ళేది. ఆ చీరని మా నాన్న తానే ఎంచి, తానే మడతపెట్టి, పళ్ళెంలో పెట్టుకుని నెత్తిమీద మోసుకెళ్ళి పందిట్లో ఇచ్చేవాడు. మా తాతల కాలంనుంచీ వస్తున్న మర్యాద అది.

పగటి ఎండ తగ్గగానే ఘటాలు బయలుదేరేవి. ముందు పూజారమ్మ నెత్తిమీద అమ్మవారి ఘటం, వేపమండలు పెట్టి, పసుపూ కుంకుమా బొట్లతో. దాని వెనక మొక్కుకున్న ఆడవాళ్ళు చిన్న ఘటాలతో వరసగా. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆగేవారు. ఇంటి యజమాని బయటికొచ్చి చెంబుతో పసుపునీళ్ళు వాళ్ళ కాళ్ళమీద పోయాలి, ఇల్లాలు బొట్టుపెట్టి బియ్యం సమర్పించాలి. ఘటం ఎత్తుకున్న మనిషి దాన్ని దించేదాకా కాలికి చెప్పు వేసుకోకూడదు, నోరు విప్పి మాట్లాడకూడదు. ఏ ఇంటి ముందునుంచైనా ఘటం ఎత్తినామె కాలు తడవకుండా వెళ్ళిపోతే ఆ ఇంటికి మంచిది కాదని గట్టి నమ్మకం. ఎంత పేదవాళ్ళయినా, ఇంట్లో ఎవరికి ఎంత ఒంట్లో బాగాలేకపోయినా, ఆ వేళకి తలుపు తెరిచి ఉండేది.

ఇక మా అప్ప, అంటే మా అక్క సంగతి చెప్పాలి. అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాన్నకి మేమిద్దరమే. కొట్టు కట్టేశాక నాన్న పడక్కుర్చీలో వాలితే అప్పే వెళ్ళి ఆ రోజు ఎవరొచ్చారో, ఏ రంగు చీరలు అడిగారో కబుర్లన్నీ రాబట్టేది. నాన్న నవ్వు నాకు గుర్తున్నంతవరకూ అప్ప ఎదురుగా ఉన్నప్పటి నవ్వే. అలాంటి అప్ప బరంపురంలో చదువుకుంటూ ఒక ఒరియా అబ్బాయిని ఇష్టపడి, నాన్న కాదంటే, ఛత్రపూర్ వెళ్ళి అతన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనకి అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. నాన్న అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. కొన్నాళ్ళు కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు, వచ్చాడు, తిన్నాడు. ఒకరోజు కొత్తగా వచ్చిన బేరగాడెవరో పిల్లలెంతమందని అడిగితే, నేను పక్కనే నిలబడి ఉండగా, "ఒక్కర్తే ఆడపిల్లండి" అన్నాడు. అది విని నేను లోపలికి వచ్చి ఏడ్చాను. అమ్మ ఎందుకని అడగలేదు. ఆమెకీ వినిపించే ఉంటుంది.

ఆ తరవాత వానాకాలంలో అమ్మకి కామెర్లొచ్చాయి. ముదిరిపోయి బరంపురం ఆసుపత్రిలో పడేస్తే, ఆశ పెట్టుకోవద్దన్నట్టే మాట్లాడారు అక్కడివాళ్ళు. నాన్న స్నానానికో భోజనానికో సత్రానికి వెళ్ళినప్పుడు చూసుకుని అప్ప వచ్చేది. అప్పటికి కడుపుతో ఉంది. వరండాలో స్తంభం పక్కన నిలబడి, నాన్న వెళ్ళడం చూసి లోపలికొచ్చి, అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అమ్మ బతికి ఇంటికెళితే మన ఊరి యాత్రలో ఘటమెత్తి ఇల్లిల్లూ తిరుగుతానని అప్ప మొక్కుకున్నది ఆ మంచం పక్కనే. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది గాని, వింది.

అమ్మ బతికింది. అప్పకి పిల్లాడు పుట్టాడు. ఆపై చైత్రంలో మా ఊరి యాత్ర వచ్చింది.

అప్ప మొక్కు చెల్లించుకోడానికి వచ్చి పూజారమ్మ ఇంట్లో దిగిందన్న మాట పొద్దున్నే మా వీధికి చేరింది. అమ్మవారికి చీర ఇచ్చి అప్పుడే తిరిగొచ్చిన నాన్న చొక్కా తొడుక్కుని మళ్ళీ పందిట్లోకి వెళ్ళాడట. ఆ మనిషి ఘటమెత్తడానికి వీల్లేదని చెబితే, పూజారమ్మ దీపానికి ఒత్తి సరిచేస్తూనే, "మొక్కు తల్లికి మొక్కినాది బాబూ, మీకు కాదు గదా. నాను కాదనడానికి ఎవర్ని?" అందట. ఈ మాట తరవాత ఊరంతా చెప్పుకున్నారు. నాన్న తిరిగి వచ్చి, సాయంత్రం వీధి తలుపు తియ్యొద్దని అమ్మకి చెప్పాడు.

జబ్బునుంచి లేచాక అమ్మ బాగా చిక్కిపోయింది, గొంతు కూడా పీలగా వచ్చేది. ఆ పూట మాత్రం వంటింటి గడపలో నిలబడి, నేను ఎన్నడూ విననంత స్థిరంగా అంది:

"మీ కూతురొక్కర్తే వస్తందేటి? ముందు తల్లి వస్తంది. పొద్దున్న సీర ఎత్తుకెళ్ళి ఇచ్చినారు, ఆడపిల్ల పుట్టింటికొచ్చిందని. సాయంత్రం ఆవిడ మొహమ్మీదే తలుపేస్తారా?"

నాన్న అన్నం దగ్గర కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయాడు. మధ్యాహ్నమంతా కొట్లో తీసిన తానులే తీసి, మడిచినవే మళ్ళీ మడిచాడని గుమాస్తా చెప్పాడు. అమ్మ మాత్రం పసుపు నూరించి, బిందెలో కలిపించి, వేపమండ వేసి గుమ్మం పక్కన పెట్టించింది. తలుపు తీసి ఉంటుందో లేదో తెలియకుండానే నేను ముగ్గు వేశాను.

డప్పులు వీధి మొదట్లోకి వచ్చేసరికి నాన్న వచ్చాడు. ఎవరివంకా చూడకుండా చెంబు తీసుకుని గుమ్మం దిగాడు. అమ్మ కుంకుమ భరిణె అందుకుని వెనకే వచ్చింది.

పూజారమ్మ కాళ్ళమీద నీళ్ళు పోశాడు. తరవాతి ఆమెకి పోశాడు. ఆ తరవాత ఒక ముసలామె, ఆమె వెనక కొత్తకోడలొకతె. వాళ్ళ వెనక అప్ప. పసుపుచీర కట్టుకుని, నెత్తిమీద ఘటాన్ని రెండుచేతులా పట్టుకుని, కళ్ళు ఎదురుగా ఉన్న మా ఇంటి దూలం మీద నిలిపి నిలబడింది. నాన్న చేతిలో చెంబు ఆగిపోయింది. వీధి వీధంతా చూస్తోంది. డప్పులవాళ్ళకి సంగతి తెలుసేమో, వాయిస్తున్నది ఆపలేదు గాని దెబ్బ తగ్గించారు. అప్ప ఏమీ అడగడానికి లేదు, మాటాడడానికి లేదు. అమ్మ కుంకుమ భరిణె గుండెలకి ఆనించుకుని నిలబడింది.

అంత ఆలోచన ఆ క్షణాన నాకు లేదుగాని, ఇప్పుడనిపిస్తుంది, నాన్న ఆమె మొహం చూసి ఉంటే లోపలికి వెళ్ళిపోయేవాడేమో. ఆయన తల వంచుకుని ఉన్నాడు గనక అప్ప కాళ్ళే చూశాడు. అప్పకి చెప్పుల్లేకుండా నడిచిన అలవాటు ఏనాడూ లేదు. ఎండకి కాలిన తారురోడ్డు మీద, కంకరమీద ఊరంతా తిరిగేసరికి పాదాలు బొబ్బలెక్కి, ఒక మడమ చితికి, పసుపూ నెత్తురూ కలిసి కారుతున్నాయి. నాన్న నిలబడి పొయ్యలేదు. నేలమీద గొంతుకూర్చుని, చెంబు పక్కన పెట్టి, చేత్తో నీళ్ళు తీసి ఆ పాదాలు కడగడం మొదలుపెట్టాడు. వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న ఇసక కూడా తీశాడు.

"ఏటే అమ్మా ఇది... ఈ కాళ్ళతోటేటే ఊరంతా నడిసినావు?"

పక్కనున్న మాకు తప్ప ఎవరికీ వినపడలేదది. అప్ప పలకకూడదు. ఘటం కదలకుండా ఉండాలని మెడ బిగబట్టుకుంది గాని, కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారి నాన్న భుజమ్మీద పడ్డాయి. అమ్మ వెళ్ళి బొట్టుపెట్టింది. ఘటాలు పక్కింటికి కదిలిపోయాయి. వెనక ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారు, వాళ్ళకి కూడా నాన్న కూర్చునే నీళ్ళు పోశాడు, లేవలేకపోయాడో, లేవడం ఇష్టంలేదో.

దీపాలు పెట్టే వేళకి ఘటాలు పందిరి చేరాయి. మొక్కు తీర్చుకున్నవాళ్ళు ఘటాలు దించి ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు వెళుతున్నారు. బావ ఒక పక్కన, పిల్లాణ్ణి భుజాన వేసుకుని, అప్ప చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బరంపురం బస్సుకి వేళవుతోందని ఆయన తొందర. అప్పుడు నాన్న వచ్చాడు. జనం కాస్త జరిగి దారిచ్చారు. అప్పతో ఏమీ అనలేదు. బావ ఎదురుగా నిలబడి, కొట్లో ఒరియా బేరగాళ్ళతో మాట్లాడే ఆ మర్యాదగొంతుతోనే, "ఖాయికి జిబే" అన్నాడు. భోంచేసి వెళ్ళండి అని. బావ పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. తరవాత, అప్ప దగ్గర నేర్చుకున్న తెలుగులో, "అలాగే మావయ్యా, తినేసే ఎల్తాం" అన్నాడు, అచ్చం మాలాగే.

ఆ పూట అందరం తిన్నామే గాని ఇల్లు సందడిగా ఏమీ లేదు. ఏది మాట్లాడితే ఏది తెగుతుందోనని అందరికీ భయం. నాన్న వాళ్ళతో పాటు కూర్చోలేదు. పిల్లాడు ఏడిస్తే మాత్రం వచ్చి ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్ళి డప్పులు చూపించాడు. అంతే. సినిమాల్లోలాగా అన్నీ ఒక్కరోజులో సర్దుకుపోలేదు. అప్ప రాకపోకలు సాగాయి గాని, నాన్న చివరిదాకా ఛత్రపూర్‌లో వాళ్ళింటి గడప తొక్కలేదు. రమ్మని బావ ఎన్నిసార్లు అడిగినా కొట్టు వదిలి ఎలా వస్తానని దాటేసేవాడు. అది మా అందరికీ ఒక ముల్లులా ఉండిపోయింది. ఆఖరి జబ్బులో మాత్రం అప్ప చేతులమీదే పోయాడు. అమ్మ మరికొన్నేళ్ళు ఉంది. కరోనా ఏడాది అప్ప కూడా వెళ్ళిపోయింది. నేను చూడ్డానికి వెళ్ళడానిక్కూడా దారుల్లేని రోజులవి.

ముందటేడు జరిగిన యాత్రకి మా వాళ్ళు కారులో మా ఊరు తీసుకెళ్ళారు. పందిరి ఇప్పుడు రేకులది, రంగుదీపాలు బ్రహ్మాండంగా పెట్టారు. ఘటాలు ఇల్లిల్లూ తిరగడం లేదు. వీధులు పెరిగాయి, ఎండలు మండిపోతున్నాయి, నడిచే ఓపిక ఎవరికీ లేదు. అలంకరించిన బండిమీద ఘటాలు పెట్టి నాలుగు రోడ్ల కూడలిలో ఆపుతారు, మైకులో పిలుస్తారు, కావలసినవాళ్ళు వచ్చి నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుని వెళతారు. నేనూ వరసలో నిలబడి పోశాను. నీళ్ళు బండి చక్రాలమీదనుంచి కారి రోడ్డుమీద ఇంకిపోయాయి. తప్పని అనను, ఆ ఆడవాళ్ళ పాదాలైనా సుఖపడ్డాయి. అక్కణ్ణుంచి మా వీధి చివరిదాకా ఒకసారి చూశాను. ఇనప గేట్లు, వాటి వెనక మూసిన తలుపులు. ఆ తలుపుల్లో ఏదో ఒకదాని వెనక, కన్నకూతురి పేరు నోట పలకని తండ్రి ఇప్పుడూ ఒకడు ఉండకపోడు. ఆయన ఇష్టమున్నా లేకపోయినా, చెంబు పట్టుకుని గుమ్మం దిగి రాక తప్పని సాయంత్రం మాత్రం ఇక మా ఊళ్ళో లేదు.