హెడ్లీ అడిగిన దారి

మా నడక వారంలో బుధవారం వస్తోందంటే నాకు గుబులు. సోమవారం కొండ, మంగళవారం ఏటి గట్టు, రెండూ బాగానే ఉంటాయి. బుధవారం మాత్రం రెండు మైళ్ళు తారు రోడ్డు మీద, క్వారీ లారీలు బురద చిమ్ముతుంటే, ఒకరి వెనక ఒకరం గోడనానుకుని నడవాలి. గోడకి అవతల, మేం ఇరవై మూడేళ్ళు నడిచిన పచ్చిక దారి కనిపిస్తూనే ఉంటుంది. "అంతా హెడ్లీ పుణ్యం" అంటారు మావాళ్ళు ప్యాంట్లు దులుపుకుంటూ. అలా అనడానికి మాలో ఒక్కరికీ మొహం లేదు. నాకసలే లేదు.

హెడ్లీ పికర్స్‌గిల్ కీత్లీలో ఇంటింటికీ తిరిగి గ్యాసు మీటర్లు చూసేవాడు. ముప్పై ఆరేళ్ళు జనం తలుపులు తట్టి, టోపీ తీసి, "లోపలికి రావచ్చా అండీ" అని అడగడమే ఆయన పని. పెళ్ళి చేసుకోలేదు. యార్క్‌షైర్ కొండల్లో మా క్లబ్బుకి ఒక బస ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా వారానికో గుంపు వచ్చి నడిచి పోతుంది. రిటైరవకముందు సెలవులన్నీ, రిటైరయ్యాక వేసవులన్నీ ఆ గుంపుల్ని నడిపించడానికే ఇచ్చేశాడు. చలికాలమంతా మ్యాపులు ముందేసుకుని మే కోసం ఎదురుచూసేవాడు. ఆయనకి చుట్టాలైనా పక్కాలైనా మేమే. నడిపించడమంటే ఆయన దృష్టిలో ముందు పరుగెత్తడం కాదు. గేటు వస్తే తెరిచి పట్టుకుని నిలబడేవాడు. ఆఖరి మనిషి దాటాక మూసి, కొక్కెం పడిందో లేదో లాగి చూసి, అప్పుడు గబగబా మళ్ళీ ముందుకి వచ్చేవాడు.

బుధవారం దారి ఎడ్నా ఆల్డర్సన్ గొర్రెల పొలం మీదుగా పోయేది. మ్యాపులో గుర్తుపెట్టిన జనం దారుల్లో అది లేదు. అందుకని ఈ ఏడు కూడా రావచ్చా అని హెడ్లీ ప్రతి ఏప్రిల్‌లో ఆమెకి ఉత్తరం రాసేవాడు. ఆమె జవాబు రాసేది. మొదటి గుంపు వెళ్ళే రోజున అల్లం కేకు ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది.

"ఏమయ్యా, మళ్ళీ రాశావా ఉత్తరం? స్టాంపు దండగ. నేనెప్పుడైనా వద్దన్నానా?"

"అడగడం నా వంతు కదమ్మా."

"నీతో వేగలేను బాబూ. ఇదిగో, ఆ వెనకున్న లావుపాటావిడకి రెండు ముక్కలియ్యి. గాలికి కొట్టుకుపోయేలా ఉంది పాపం."

ఆ లావుపాటావిడని నేనే. అందరం నవ్వేవాళ్ళం, కేకు తినేవాళ్ళం. ఉత్తరాల సంగతి తెలియనివాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

ఎడ్నా పోయింది. పొలం కొన్నాయన గేటుకి గొలుసు వేశాడు. ఆ సాయంత్రమే హెడ్లీ బసలో కాగితం, కలం తీసి కూర్చున్నాడు. మా కార్యదర్శి రోసలిండ్ ఆయన చేతిలో కలం లాక్కున్నంత పని చేసింది.

"అడిగావంటే మునిగామే. ఇరవై ఏళ్ళు ఎవర్నీ అడక్కుండా నడిస్తే ఆ దారి జనానిది. చట్టం అలా ఉంది. అడిగి నడిస్తే అది వాళ్ళ దయ."

"మరి ఎడ్నాని అడిగానుగా."

"అది నీ కడుపులోనే ఉండనీ."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా చట్టం తీరు వేరు, అడిగినవాడికే పెట్టదు.

దారి జనానిదేనని కౌన్సిలుకి దరఖాస్తు పెట్టాం. సాక్షులకి ఫారాలు వచ్చాయి. దారి వాడుకోవడానికి ఎవరైనా అనుమతి ఇచ్చారా, మీ తరఫున ఎవరైనా అడిగారా అన్నది తొమ్మిదో ప్రశ్న. పంతొమ్మిది మందిమి భోజనాల బల్ల చుట్టూ కూర్చుని "లేదు" అని రాశాం. అడిగింది నేను కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, ప్రశ్న రెండో సగం చదవనట్టు. నాలుక మీద ఆ అల్లం కేకు రుచి ఇంకా ఉంది నాకు. హెడ్లీ మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేశాడు. రోసలిండ్ చూసి, "పోనీలే, ఖాళీయే నయం" అని పంపించేసింది.

విచారణ ఊరి హాల్లో జరిగింది. పై నుంచి వచ్చిన అధికారి మా మాటలన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. పొలం యజమాని లాయరు, పెద్దగా ఆశ లేనట్టే, హెడ్లీ ఫారం తిరగేశాడు.

"పికర్స్‌గిల్ గారూ, తొమ్మిదోది వదిలేశారు. మరిచిపోయారా?"

"లేదండీ."

"మరి అనుమతి అడిగారా?"

హెడ్లీ మా వైపు చూశాడు. రోసలిండ్ తల అడ్డంగా ఊపింది. నేను నా సంచి జిప్పు సరిచేసుకోవడం మొదలుపెట్టాను.

"ప్రతి ఏప్రిల్‌లో అడిగానండీ. ఆవిడ రమ్మని రాసేది. ఉత్తరాలన్నీ ఇంట్లో ఉన్నాయి."

మూడు నెలలకి తీర్పు వచ్చింది. మేం నడిచింది హక్కుతో కాదు, ఆమె దయతో; దారి లేదు. మా పంతొమ్మిది "లేదు"ల గురించి అధికారి ఒక్క ముక్కే రాశాడు, సాక్షుల జ్ఞాపకం అంత నమ్మదగ్గది కాదని. మేం అబద్ధాలకోరులమని మర్యాదగా చెప్పాడు.

యథార్థవాది లోకవిరోధి. ఆ సాయంత్రం భోజనాల దగ్గర హెడ్లీకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీ.

"ఒక్క అబద్ధం, హెడ్లీ. మా అందరి కోసం ఒక్కటి ఆడలేకపోయావా?" అంది రోసలిండ్.

"మీరు పంతొమ్మిది ఆడారుగా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఇంకా ఎన్ని కావాలో ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

మరుసటి ఏడు గుంపుల్ని నడిపించేవాళ్ళ జాబితా అచ్చయి అందరికీ పోస్టులో వెళ్ళింది. హెడ్లీ పేరు లేదు. ఆ సంగతి ఆయనకి ఎవరూ ముందుగా చెప్పలేదు. నేను చెప్పగలిగేదాన్నే, ఫోను నంబరు నా దగ్గరుంది.

ఏప్రిల్‌లో ఆయన దగ్గర్నుంచి క్లబ్బుకి ఉత్తరం వచ్చింది. కొత్త యజమానికి రాశాడట. ఆయన జవాబు కూడా జతచేశాడు: "ఇంతవరకు అందరూ నోటీసులే పంపారు, అడిగినవాళ్ళు మీరొక్కరే. బుధవారాలు గొలుసు తీసి ఉంచుతాను. మీరూ, మీతో వచ్చేవాళ్ళూ నడవండి." దాని కింద హెడ్లీ చేతిరాత: "పదింటికి గేటు దగ్గర ఉంటాను."

రోసలిండ్ అది బసలో అందరికీ చదివి వినిపించి మడిచింది.

"మనం అడుక్కుతినేవాళ్ళం కాదు. పోయేవాళ్ళుంటే చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. నా చెయ్యి బల్ల కిందే ఉండిపోయింది.

ఇది మూడో వేసవి. బుధవారం పదింటికి మేం లారీల పక్కన తలలు వంచుకుని పోతుంటాం. గోడ అవతల హెడ్లీ గేటు తెరిచి పట్టుకుని, టోపీ చేతిలో ఉంచుకుని నిలబడి ఉంటాడు. మా గుంపులో ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుంటాడు. తర్వాత మూసి, కొక్కెం లాగి చూసి, ఒక్కడే పైకి పోతాడు. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ ఆఖరి మనిషిని నేనే. రోడ్డుకీ ఆ గేటుకీ మధ్య వంద గజాలు. వెళ్ళి, "నేనూ రావచ్చా హెడ్లీ" అని అడిగితే చాలు. మూడేళ్ళుగా ఆ మాట నా నోట్లోంచి రాలేదు.