వాటీ మెల్డ్రమ్‌కు గెలుపు పడదు

వాటీ మెల్డ్రమ్ బతుకంతా చేపలమ్మాడు. తెల్లవారకముందే రేవులో చేపలు ఎత్తుకుని, వ్యానులో లోతట్టు పల్లెలన్నీ తిరిగి, మధ్యాహ్నానికి సరుకు ఖాళీ చేసుకుని, వాసన మాత్రం మిగుల్చుకుని ఇల్లు చేరేవాడు. శనివారం ఆయన పని వేరు. ఆ రోజు పోర్ట్ ఎర్నన్ ఫుట్‌బాల్ మైదానంలో, సముద్రపు గోడ దగ్గరి మెట్ల మీదున్న ఇనుప కమ్మీ మీద మోచేతులు ఆన్చి నిలబడి, మా జట్టు ఎలా ఓడిపోబోతోందో చుట్టుపక్కల వాళ్లకు ముందుగానే చెప్పేవాడు. నేనూ ఆ కమ్మీ వరసలోనే నిలబడేదాన్ని కాబట్టి ఇదంతా చెవులారా విన్నదే. ఇంట్లో జరిగినవి ఆయన భార్య ఎఫీ చెప్పినవి.

ఆ జోస్యానికి పెద్ద విద్య అక్కర్లేదు. స్కాట్లండ్ లీగుల్లో అన్నిటికన్నా అడుగు అంతస్తు మాది. అందులోనూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట ఉండేవాళ్లం. ఆటగాళ్లలో ఎవరికీ ఆట బతుకుతెరువు కాదు. గోల్‌కీపర్ రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. వెనక ఆడే ఇద్దరూ కరెంటు పనివాళ్లు. ముందు ఆడే క్యాలమ్ రీడ్ మా పోస్ట్‌మ్యాన్. తూర్పు గాలి గట్టిగా వీచిన రోజున మా గోల్‌కీపర్ తన్నిన బంతి తిరిగొచ్చి అతని చేతుల్లోనే పడడం నేను కళ్లారా చూశాను.

అయినా వాటీ జోస్యంలో ఒక పనితనం ఉండేది. మనవాళ్లు రెండు గోల్స్ ముందుండి మేమందరం గంతులేస్తుంటే, ఆయన టోపీ కిందికి లాక్కుని, "బాగానే ఉంది. పడాలంటే కాస్త ఎత్తు కావాలిగా," అనేవాడు. ఆట ముగిసేలోపు ఆ మాట నిజమయ్యేది. క్యాలమ్ బంతి వదిలేస్తే మాత్రం జోస్యం కట్టిపెట్టి తిట్లకు దిగేవాడు. ఓడిన సాయంత్రం ఆయన ముఖంలో ఒక నెమ్మది కనిపించేది. ఇంటికెళ్లి టీలో బిస్కెట్ ముంచుకుంటూ ఓటమి కథంతా ఎఫీకి వినిపించేవాడు. ఆవిడ ఊలు అల్లుకుంటూ ఊ కొట్టేది. ఊ కొడుతూనే మర్నాటి వంట సంగతి ఆలోచించుకునేది. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ మైదానం గేటు దాటి లోపలికి రాలేదు.

వాటీ పక్కన ఎప్పుడూ ఇన్నెస్ ఉండేవాడు. ఊళ్లో క్షౌరశాల ఇన్నెస్‌ది. ఇద్దరూ బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఏటా ఆగస్టు రాగానే ఇన్నెస్ ఈసారి మనదే అనేవాడు. వాటీ అతని వంక జాలిగా చూసేవాడు.

మూడేళ్ల కిందట వేసవిలో పాత కోచ్ మోకాళ్ల నొప్పులని మానుకుంటే, మా బడిలో వ్యాయామం నేర్పే రోరీ బెయిన్‌ను పెట్టారు. బెయిన్ మంత్రమేమీ వేయలేదు. మన ఊరి గాలి ఎవరి పక్షమూ కాదు, బంతిని పైకి లేపకండి, నేల మీదే ఒకరికొకరు అందించుకోండి అన్నాడు. అంతే. అన్నేళ్లలో ఆ ఆలోచన ఇంకెవరికీ ఎందుకు రాలేదో ఇప్పటికీ మాకు అర్థం కాదు. ఆ ఆగస్టులో ఆడినవన్నీ గెలిచాం.

వాటీ మొదటి గెలుపును పొరపాటు అన్నాడు. రెండోదాన్ని ఎదుటి జట్టు పొరపాటు అన్నాడు. ఆ తర్వాత మాటలు తగ్గించి, ముందుంది ముసళ్ల పండగ అని మాత్రం అంటూ వచ్చాడు. సెప్టెంబరులో లీగు పట్టికలో మా పేరు పైకెక్కేసరికి ఆయనకు తిండి సహించడం మానేసింది. ఇష్టమైన కైమా, బంగాళాదుంపలు కూడా పళ్లెంలో కెలికి వదిలేసేవాడు. ఎఫీ డాక్టరు దగ్గరికి వెళ్లమంది. ఆయన వెళ్లలేదు. చివరికి ఆవిడే తేల్చేసింది.

"నీకు గెలుపు పడట్లేదు. కొంతమందికి రొయ్యలు పడవు చూడు, అలాగ."

అక్టోబరులో పెరటి కంచె సరిచేస్తుంటే ఆయనకు నడుం పట్టేసింది. శనివారం మంచం దిగలేకపోయాడు. ఆ రోజు మనవాళ్లు ఎడాపెడా గోల్స్ కొట్టి గెలిచారు. తర్వాతి వారం ఆయన వచ్చాడు, ఓడాం. ఆ పై వారం మరదలి ఇంటికి వెళ్లాడు, గెలిచాం. మళ్లీ వచ్చాడు, బెయిన్ వచ్చాక ఎన్నడూ లేనంత చిత్తుగా ఓడాం. ఆగస్టులో గెలిచినవన్నీ ఆయన కమ్మీ దగ్గర ఉండగానే గెలిచామన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అపశకునం దొరికాక జనానికి జ్ఞాపకంతో పనేముంది?

మొదట అదంతా వేళాకోళమే. ఇన్నెస్ క్షౌరశాలలో అందరి ముందూ అడిగాడు.

"ఒరేయ్ వాటీ, నడుం ఎలా ఉందిరా?"

"తగ్గింది."

"అంత తొందరేముంది? ఇంకో ఆర్నెల్లు మంచం మీదుండి చూసుకోకపోయావా?"

అందరూ నవ్వారు. వాటీ కూడా నవ్వాడు. కానీ ఆ వారం కమ్మీ దగ్గర ఆయనకు అటూ ఇటూ కాస్త ఎక్కువ చోటే మిగిలింది.

నవంబరులో ఒక పొద్దున క్యాలమ్ రీడ్ తలుపు కొట్టి, ఉత్తరాలు చేతికిచ్చి, కదలకుండా నిలబడ్డాడు.

"మెల్డ్రమ్ గారూ, ఒక మాట. కోపం తెచ్చుకోకూడదు."

"మాట చెప్పు. కోపం సంగతి తర్వాత చూద్దాం."

"మా కుర్రాళ్లు అనుకుంటున్నారండీ... సరదాకే లెండి. ఈ శనివారం మీరు ఇంకెక్కణ్నుంచైనా చూస్తే బాగుంటుందని."

"ఇంకెక్కణ్నుంచి? నార్వే నుంచా?"

క్యాలమ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. వాటీ మెల్లగా తలుపు వేశాడు. ధడాలున వేసుంటే నాకు భయం లేకపోయేది అని ఎఫీ తర్వాత నాతో చెప్పింది. ఆయన తండ్రి చెయ్యి పట్టుకుని మొదటిసారి వెళ్లిన చోటు ఆ కమ్మీ. వడగళ్లలో, పొగమంచులో, ఊళ్లో ఇంకెవరూ రాని రోజుల్లో కూడా నిలబడిన చోటు. గెలుస్తున్నప్పుడు రావొద్దన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడట.

సంగతి విని ఎఫీ ముందు నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే ఆవిడకు కోపం వచ్చింది. శనివారం నాడు జట్టు రంగైన ఆయన మెరూన్ మఫ్లర్ తన మెడకు చుట్టుకుని, టికెట్ కొనుక్కుని నేరుగా మా వరసలోకి వచ్చింది. మా ఆయన్ని రావొద్దనడానికి మీరెవరు అని మొదలుపెట్టి ఇన్నెస్‌ను దులిపేసింది. దులపడం పూర్తయ్యేసరికి ఆట మొదలైపోయింది. డబ్బులిచ్చి వచ్చాను కదా అని ఆగింది. కాసేపటికి ఎదుటివాడొకడు క్యాలమ్‌ను అడ్డంగా తన్ని పడేస్తే రిఫరీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎఫీ కమ్మీ మీదికి వంగి రిఫరీ కళ్ల గురించి, ఆ కళ్లిచ్చిన వంశం గురించి చెప్పిన మాటలు నేనిక్కడ రాయలేను. ఇన్నెస్ వెంటనే జేబులోంచి చాక్లెట్ తీసి ఆవిడకిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ ఒక్క వారం కూడా మానలేదు.

వాటీ షికారుకు వెళ్తున్నానని చెప్పి కొండ మీది శ్మశానానికి పోయేవాడు. అక్కడి గోడ మీంచి చూస్తే మైదానంలో ఒక పక్క సగమే కనిపిస్తుంది. మనవాళ్లు ఆ పక్క గోల్ వైపు ఆడుతున్నంతసేపూ ఆట కనిపించేది. జట్లు పక్కలు మారాక జనం కేకలు విని ఏం జరిగిందో ఊహించుకోవాలి. సాయంత్రం ఎఫీ ఆట కథ చెప్పేది. ఆయనకు అదే పెద్ద శిక్ష.

"ఆ పొట్టివాడు బంతి తీసుకుని..."

"ఏ పొట్టివాడు?"

"సాక్సు జారిపోతూ ఉంటుందే, వాడు. పాపం, వాళ్లమ్మ కాస్త బిగుతుగా ఉన్నవి కొనొచ్చుగా."

ఆ సాక్సువాడు బంతి ఎవరికిచ్చాడో ఆవిడ చూసేది కాదు. వాటీ కళ్లారా చూసి కూడా సరిదిద్దలేకపోయేవాడు, సరిదిద్దితే షికారు సంగతి బయటపడుతుంది. ఆయన బూట్లకు సమాధుల మధ్య గడ్డి అంటుకుని ఉండడం ఎఫీ మొదటి వారమే చూసింది. చూసి కూడా కథను ఇంకాస్త తప్పుగా చెప్పేదాన్నని నాతో ఒప్పుకుంది.

చలికాలమంతా గెలుస్తూనే ఉన్నాం. వసంతం వచ్చేసరికి కాళ్లు బరువెక్కాయి. క్యాలమ్‌కు గోల్ పడడం ఆగిపోయింది. చివరికి లెక్క ఒక్క ఆట మీదికి వచ్చింది. మా మైదానంలోనే, పట్టికలో మాకు పైనున్న కెయిర్న్‌బీ జట్టుతో. గెలిస్తే పై అంతస్తుకు వెళ్తాం. గోల్స్ సమానమైతే చాలదు, వాళ్లే వెళ్తారు. ఆ వారం క్యాలమ్ మళ్లీ తలుపు కొట్టాడు, ఈసారి చేతిలో ఉత్తరాలేమీ లేవు.

"మెల్డ్రమ్ గారూ, శనివారం మైదానానికి రావాలండీ మీరు."

"ఏం, ఓడిపోవాలనుందా?"

"నిజం చెప్పమంటారా? మీరున్నప్పుడు నన్ను తిట్టేవారు. వెనకాల ఆ గొంతు వినిపిస్తే ఒళ్లు మండి పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు అందరూ చప్పట్లే. తప్పు కొట్టినా చప్పట్లే. కాళ్లు కదలట్లేదండీ."

వాటీ ఆ మాట కాసేపు నోట్లో చప్పరించుకున్నాడు.

"అంత బాగా తిట్టేవాణ్ణా?"

"మా నాన్న కూడా అంత బాగా తిట్టలేదండీ."

శనివారం ఊరంతా మైదానంలోనే ఉంది. వాటీ, ఎఫీ కలిసి వచ్చారు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఇన్నెస్ ఆయన్ను చూసి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు, శవం వెళ్తున్నప్పుడు చేసినట్టు. ఆట మొదలైన కాసేపటికే కెయిర్న్‌బీ వాళ్లు గోల్ కొట్టారు. మా వరసలో మెడలన్నీ ఒక్కసారి వాటీ వైపు తిరిగాయి. తిట్టడానికి పిలిచిన మనిషి నోట మాట లేదు. విరామంలో అందరూ టీ కోసం వెళ్లినా ఆయన అక్కణ్నుంచి కదల్లేదు.

రెండో సగంలో క్యాలమ్ ఖాళీ గోల్ ముందు బంతిని పైకి తన్నేశాడు. మైదానమంతా పాపం అన్నట్టు చప్పట్లు కొట్టింది. అతను మాత్రం వెనక్కి తిరిగి మా కమ్మీ వైపు చూశాడు. ఎఫీ మోచేత్తో వాటీని పొడిచింది.

"తిట్టవయ్యా."

"గొంతు రావట్లేదే."

"దానికేగా నిన్ను పిలిచింది. తిట్టు."

వాటీ టోపీ తీసి, గొంతు సవరించుకుని, చేపల బండి మీంచి పల్లెల్లో కేకేసే గొంతుతో అన్నాడు:

"ఒరేయ్ క్యాలమ్, కరెంటు బిల్లయితే పరిగెత్తుకుంటూ తెచ్చిస్తావు. బంతి దగ్గరే ఎందుకురా అంత బద్ధకం?"

కెయిర్న్‌బీ గోల్‌కీపర్ కూడా నవ్వాడు. క్యాలమ్ చెవులు ఎర్రబడడం మా వరసలోంచే కనిపించింది. తర్వాత బంతి అతని కాళ్లకు దొరికినప్పుడు ముగ్గుర్ని దాటుకుని వెళ్లి గోల్ కొట్టాడు. కాసేపటికి అతనే అందిస్తే సాక్సు జారే పొట్టివాడు రెండోది కొట్టాడు. మేము ఒకరి మీద ఒకరం పడిపోయాం. వాటీని ఇన్నెస్ ఎత్తబోయి, వల్లకాక దింపేశాడు. అప్పుడు వాటీ నాలుక చివరిదాకా పడాలంటే ఎత్తు కావాలన్న పాత మాట వచ్చి ఉంటుంది. ఆయన పెదవులు బిగించుకుని దాన్ని మింగేశాడు.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా కెయిర్న్‌బీ వాడొకడు దారితోచక బంతిని గాల్లోకి తన్నాడు. దాన్ని తూర్పు గాలి పట్టుకుంది. మా గోల్‌కీపర్ ఒక చోటికి వెళ్లాడు, బంతి ఇంకో చోటికి వెళ్లింది. రెండుకు రెండు. విజిల్ మోగింది. వాళ్లు పైకి, మేము ఉన్నచోటే.

మా వరసంతా వాటీ నోటి మాట కోసం ఎదురుచూసింది. అనాల్సిన మాట అనడానికి ఆయనకు హక్కుంది, అంటే పడడానికి మేమూ సిద్ధంగా ఉన్నాం. ఇన్నెస్ ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తున్నాడు. వాటీ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగా ఆడారురా," అన్నాడు. ఓడడం మాకందరికీ ఆ ఏడు అలవాటు తప్పిపోయింది. ఆయనొక్కడికే దారి తెలుసు. ఇన్నెస్ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ఎఫీ దిగలేదు. ఆవిడ కమ్మీ మీదికి ఎక్కి, ఈ గోల్‌లో రిఫరీ తప్పేమీ లేకపోయినా, అతని వంశాన్ని మళ్లీ మొదటినుంచీ అందుకుంది. నేనూ ఇంకొకావిడా రెండు రెక్కలూ పట్టుకుని దింపాల్సి వచ్చింది.

బయట గేటు దగ్గర క్యాలమ్ ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. వాటీ చెప్పనివ్వలేదు. "ఖాళీ గోల్ ముందు వదిలేశావే, అది మా ఎఫీ అయినా కొట్టేది," అన్నాడు. క్యాలమ్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

అపశకునం సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. జట్టు ఇప్పుడు పట్టికలో మధ్యన ఎక్కడో ఉంటోంది. వాటీ కమ్మీ దగ్గరే నిలబడుతున్నాడు. ఎఫీ మాత్రం ఆయన పక్కన నిలబడదు, ఆ గొంతు వింటుంటే మనసు తుప్పు పడుతుందంటుంది. అటు గోల్ వెనక పాటలు పాడే కుర్రాళ్లతో చేరింది. విరామంలో ఇద్దరూ కలుసుకుని, మాంసం కూరిన ఒకే రొట్టె పంచుకుని, సాక్సువాడి గురించి పోట్లాడుకుని ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోతారు. పోయిన శనివారం రిఫరీ ఆట ఆపి మరీ ఎఫీ దగ్గరికి వచ్చి, ఇంకోసారి నోరు జారితే బయటికి పంపిస్తానని మందలించాడు. వాటీ స్థానంలో ఇంకొకరైతే తల దించుకునేవారు. ఆయన మాత్రం ఆ సంగతి చేపల రేవునుంచి క్షౌరశాల దాకా ఎదురైన ప్రతివాళ్లకూ తనే చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.