ఆముదం పోసిన బండి

మొన్న గద్వాలలో ఒక మైదానంలో రిమోటు కార్ల పందెం ఉందంటే, విలేకరి ఉద్యోగం వదిలినా పాత అలవాటు వదలక, చూద్దామని వెళ్లాను. మూరెడు పొడవైనా లేని కారు ఒకటి కందిరీగలా రొద చేస్తూ నా ముందు నుంచి దూసుకుపోయింది. దాని వెనకాల వచ్చిన పొగ ముక్కుకు తగిలింది. కాలిన ఆముదం వాసన. మైకు పట్టుకున్నాయన గొంతు చించుకుంటుంటే, పందెం ముగిసినవాళ్లు ట్యాంకుల్లో మిగిలిన నూనెను అక్కడే గడ్డి మీద ఒలకబోసి, ఆ జిడ్డు చేతులతోనే ఫొటోలు దిగుతున్నారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఆముదమంటే మన ఈడువాళ్లందరికీ ఏవగింపే, ముక్కు మూసి గొంతులో పోయించుకున్న తరం మనది. కానీ నా ఏవగింపు ఆ గొంతులోది కాదు.

నేను నాగర్‌కర్నూల్‌లో విలేకరిగా కొత్తగా చేరిన రోజులవి. బల్మూర్ దగ్గర అమ్మమ్మ ఊరికి మా చిన్నమామ బొంబాయి నుంచి తిరిగి వచ్చాడు. అక్కడ స్లాబు పనిలో పరంజా మీది నుంచి పడి భుజం చెడగొట్టుకున్నాడు. ఇసుక తట్ట ఎత్తడం ఇక ఆయన వల్ల కాదు. ఎవరో పెద్దింటివాళ్లు పారేసిన రిమోటు కారును తెచ్చి బాగుచేసుకున్నాడు. ఇంట్లో రోడ్డువైపున్న అర్రలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకోవాలని ఆయన ఆశ. ఆ అర్ర ఆయన అన్న, మా పెద్దమామ చేతిలో ఉంది.

“బొమ్మనే నడుపరానోనివి, మోటర్లేం నడిపిస్తవ్‌రా? బడి సుట్టు ఒక్క సుట్టు ఆగకుంట తిప్పు, అర్ర నీదే. ఆగిందా, మల్ల బొంబాయి బస్సెక్కు” అన్నాడు పెద్దమామ, అరుగు మీద నలుగురు వింటుండగా.

ఆ బండికి పెట్రోలు పనికిరాదు. ఒక రకం స్పిరిట్‌లో ఆముదం కలిపి పోయాలి. మండేది స్పిరిట్, ఇంజన్ అరగకుండా కాపాడేది ఆముదం. ట్యాంకు అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది, దాని పనితనం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఇంజన్ వదిలిన పొగలో కొంత సన్నని గొట్టం గుండా వెనక్కి వచ్చి, బిగువైన మూత ఉన్న ఆ ట్యాంకులో నూనెను ఇంజన్‌లోకి తోస్తుంది. లోపల మెత్తని గొట్టం చివర చిన్న ఇత్తడి బరువు, దానికొక జల్లెడ. బండి ఎటు ఒరిగితే నూనె అటు పోతుంది, ఆ బరువూ అటే పడి నూనెను అందుకుంటుంది.

బొంబాయి నుంచి స్పిరిట్ డబ్బా క్షేమంగానే వచ్చింది కానీ, దాంతోపాటు తెచ్చుకున్న ఆముదం సీసా బస్సులో పగిలిపోయింది. అమ్మమ్మ ఊరుకుంటుందా! మనింట్ల ఆముదం పెట్టుకొని ఇంకెక్కడిదో ఎందుకని, బాలింతలకూ పసిపిల్లల మాడుకూ దాచిన నూనె తీసి కొడుకు చేతిలో పెట్టింది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలినది తేర్చి తీసిన నూనె అది. ఆ చుట్టుపక్కల ఆమె ఆముదానికి పెట్టింది పేరు.

ఆదివారం బడి దగ్గర ఊరంతా చేరింది. నా నూనెతోనే నడుస్తుందని అమ్మమ్మ కనబడినవాళ్లకల్లా చెప్పుకుంటోంది. బండి బయలుదేరింది, రెండు మూలలు తిరిగింది, మూడో మూల దగ్గర దగ్గి, తెల్లగా పొగ కక్కి, ఆగిపోయింది.

“ఏం తమ్మీ, ఆముదం బాగనే పని జేసినట్టుంది! కడుపంత కడుక్కపోయింది, ఇగ లేస్తదా?” అని పెద్దమామ తొడ చరుచుకుని నవ్వాడు. ఊరంతా నవ్వింది. చిన్నమామ వంగి ట్యాంకు విప్పి, ఆ జల్లెడను వేళ్ల మధ్య రాసి చూసుకున్నాడు. అమ్మమ్మ ఆత్రంగా ఏమైంది బిడ్డా అని అడిగితే, “ఏం లేదమ్మా, నాకే తిప్పరాలే” అన్నాడు.

పందెం మాట ప్రకారం మళ్లీ బొంబాయికి బయలుదేరినప్పుడు, బస్టాండులో నేను గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. నూనెలో మిగిలిన నీళ్లూ, సన్నని పిప్పీ కలిసి జల్లెడను మూసేశాయట.

“మరి గా మాట ఆడనే చెప్పొద్దా మామా?”

“అమ్మ నూనె మంచిగ లేదని ఊరు ముంగట ఎట్ల జెప్త అల్లుడా? గామె ఉన్నన్నొద్దులు నువ్వు గూడ అనకు.”

చెడిన భుజానికి సంచీ తగిలించుకుని ఆయన బస్సెక్కాడు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లు నేనూ ఆ మాట ఎత్తలేదు. చిన్నప్పటి నుంచీ ఆ నూనె తీయడం చూసిన పెద్దమామకు అందులో పిప్పి మిగులుతుందని తెలియకపోలేదు, తెలిసే ఆముదం మీద హాస్యమాడాడు. తమ్ముడు తల్లిని తప్పుపట్టడని ఆయనకు ఎరుకే, ఆ నమ్మకం మీదనే అర్ర దక్కించుకున్నాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

ఇప్పుడు మా వైపు ఆముదం చేలు తగ్గిపోయి పత్తి వచ్చింది, ఇంట్లో ఉడకబెట్టేవాళ్లు లేరు. ఇంట్లో వండినదేదైనా బాగాలేకపోతే, బాగాలేదమ్మా అని పిల్లలు ముఖం మీదే అనేస్తున్నారు. తల్లులు సరే తియ్యి అని ఇంకోటి తెప్పిస్తున్నారు. మొదట్లో ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఈమధ్య మాత్రం, అననీ అనుకుంటున్నాను. ఆ ఒక్క మాట అనలేక, మా చిన్నమామ బొంబాయిలో ఆ చెడిన భుజం మీదనే మళ్లీ ఇసుక మోశాడు.